వంకర గోడకు టికెట్

మొన్న సిరిసిల్లలో మా ఇంటి ముందుగదికి కొత్త టైల్స్ వేయించాం. మేస్త్రి చేతులు కడుక్కుని వెళ్లిపోగానే నేను తలుపు దగ్గరకు వేసి, నేల మీద మోకాళ్లూని, రూపాయి బిళ్లతో ఒక్కో టైలునూ కొట్టి చెవి ఒగ్గి వినడం మొదలుపెట్టాను. మా ఆవిడ చాయ్ గ్లాసుతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏంది, దేవునికి మొక్కు తీర్చుకుంటున్నవా?"

"కాదు. యాడన్న డొల్ల ఉన్నదా అని చూస్తున్న."

"గీ ఇద్దె నీకెవలు నేర్పిండ్రు?"

సరిగ్గా అప్పుడే కిటికీ కింద మూలటైలు 'టక్' మనాల్సింది 'టబ్' మంది. కింద సిమెంటు పూర్తిగా పరుచుకోలేదన్నమాట. నాకు ఆ విద్య నేర్పిన మనిషి గుర్తొచ్చి అక్కడే చతికిలబడ్డాను. చాయ్ చల్లారిపోయింది.

ఆయన పోయి ఏడాదిన్నర అయింది. పేరు రాయను. రాస్తే పైనుంచైనా "మా ఇంటి గోడ సంగతి లోకమంత చాటినవా సిరిసిల్లా" అని తిడతాడు. లోకానికి ఆయన ఉస్తాద్. నాకు అన్న. ఆయనకు నేను 'సిరిసిల్ల'ను. గల్ఫ్‌లో మన మనుషులకు పేర్లుండవు, ఊళ్లే ఉంటాయి. దుబాయిలో మా రూములో కోరుట్ల వండితే మల్యాల వంకలు పెట్టేవాడు, కోనరావుపేట మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకునేవాడు. ఉస్తాద్‌ది జగిత్యాల దిక్కు ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. అయినా ఆయన్ను ఊరి పేరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. పనితనం అలాంటిది.

ఆయనది టైల్స్ పని, నాది స్టోరు పని. మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటాం. ఆ సాంచాల చప్పుడులో పుట్టి పెరిగిన నేను, అవి ఆగిపోతూ ఉంటే దుబాయి పోయి సిమెంటు బస్తాలకూ టైల్స్ పెట్టెలకూ కాపలాదారునయ్యాను. మొదటి రోజే ఉస్తాద్ నా స్టోరుకు వచ్చి, సరుకు అడగకుండా గోడను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, "నీ స్టోరు డొల్ల తమ్మీ. పైకెళ్లి వానొస్తే ఉబ్బుతది" అన్నాడు. దుబాయిలో వానేమిటని నవ్వాను. ఆ చలికాలంలోనే ఒక వాన పడింది. గోడ ఉబ్బింది. ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా నవ్వలేదు. నవ్వినా ఆయన అటు వెళ్లాక నవ్వాను.

కొట్టి చూడటం ఆయనకు పని కాదు, రోగం. విమానాశ్రయంలో వరసలో నిలబడి చెప్పు మడమతో నేలను తట్టేవాడు. ఒకసారి జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు గుండె వింటున్నాడు. ఈయన మంచం మీద నుంచి చెయ్యి చాపి గోడ వింటున్నాడు. "డాక్టర్‌సాబ్, నాకేం గాదు గని, మీ గోడకు సూది మందియ్యిండ్రి" అన్నాడు. ఆ డాక్టరు కేరళవాడు కాబట్టి బతికిపోయాం.

చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఇత్తడి గుండు, దానికి చుట్టిన దారం. గోడ నిలువుగా ఉందో లేదో చూసే గుండు అది. మిగతావాళ్లు జేబులో పెళ్లాం ఫొటో పెట్టుకుంటే ఈయన గుండు పెట్టుకునేవాడు. అదేమిటన్నా అని అడిగితే, "ఫొటోల ఉన్నది ఎన్నటికీ ఒక్కతీరే కనిపిస్తది తమ్మీ. గుండు ఉన్నది ఉన్నట్టు చెప్తది" అనేవాడు. మనుషుల మీద తీర్పులు కూడా ఆ భాషలోనే. కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ ఇంగ్లిషులో అరిచి వెళ్లిపోతే, ఆయన వీపు వైపు చూసి తాపీగా, "పాలిష్ మంచిగున్నది, కింద మాల్ లేదు" అన్నాడు. మాల్ అంటే టైలు కింద పరిచే సిమెంటు ముద్ద. ఆ మాట వారం రోజులు సైటంతా తిరిగింది.

అన్నం తింటున్నా తాపీ పనే. చేత్తో అన్నాన్ని చదునుగా పరిచి, మధ్యలో పప్పు పోసి, అంచులు సర్దేవాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు డబ్బా ఒకటి ఉండేది. వేలు తెగినా పసుపే, గొంతు మండినా పసుపే. ఒకసారి మల్యాలవాడికి ఇంటి మీద బెంగ పట్టి ఏడుస్తుంటే వేడి పాలల్లో పసుపు కలిపి ఇచ్చాడు. వాడు అది తాగలేక ఏడుపు మానేశాడు.

ఇంత నిఖార్సయిన మనిషికి లోకంలో ఒకేచోట చూపు మందగించేది. తమ్ముడి దగ్గర. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి ఈయనే పెంచాడు. ఎన్నో ఏళ్లు ఎవరెవరి ఇళ్లకో రాళ్లూ టైల్స్ పరిచి, చివరికి ఊళ్లో సొంత ఇల్లు మొదలుపెట్టాడు. కట్టించింది తమ్ముడు. గల్ఫోళ్ల ఇళ్లన్నీ అట్లాగే లేస్తాయి. కట్టుకునేవాడు గల్ఫ్‌లో, కట్టించేవాడు ఊళ్లో, మధ్యలో ఫోన్. రోజూ భోజనాల వేళకు తమ్ముడు వీడియోలో ఇల్లంతా తిప్పి చూపేవాడు. ఉస్తాద్ ముద్ద చేతిలో పట్టుకుని, "జరంత ఎడమకు తిప్పురా. ఆఁ, మంచిగున్నది" అనేవాడు. మా గోడల్లో వెంట్రుకంత వంకర పట్టే మనిషి, ఆ గోడలను చూసి మురిసిపోయేవాడు.

గృహప్రవేశానికి మేం దుబాయిలో కూడా లేం. మా సేఠ్ పెద్దలది ఇరాన్‌లోని షిరాజ్. అక్కడి పాత ఇంటిని బాగుచేయించుకుంటూ, పని మా ఉస్తాదే చేయాలని పట్టుబట్టి మూడు నెలలకు పంపించాడు. సరుకు చూసుకోవడానికి నన్ను తోలాడు. సెలవు దొరకలేదు. ఉస్తాద్ సొంత ఇంటి గృహప్రవేశాన్ని షిరాజ్‌లో సిమెంటు బస్తా మీద కూర్చుని, తలకు తువ్వాల చుట్టుకుని, ఫోన్‌లో చూశాడు. పీటల మీద తమ్ముడూ మరదలూ కూర్చున్నారు. పాలు పొంగాయి. నేనూ పక్కనుంచి తొంగి చూస్తున్నాను.

ఆ తర్వాత తమ్ముడు ఫోన్ పట్టుకుని బయటికొచ్చి వెనకమూల గదిని చూపించాడు. ఆ గది ముందే లేచింది. మిగతా ఇల్లు కట్టేంతకాలం తమ్ముడి సంసారం అందులోనే. గోడ నిటారుగా, నీలం రంగుతో మెరుస్తోంది. చూరుకు దిష్టి గుమ్మడికాయ వేలాడుతోంది.

ఉస్తాద్ ముఖం మారింది. ఫోన్ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"సిరిసిల్లా, గోడ ఎట్లున్నది?"

"సక్కగున్నదన్నా."

"గుమ్మడికాయ?"

అప్పుడు చూశాను. గుమ్మడికాయ వంకరగా వేలాడుతోంది. ఏ గాలీ లేదు. ఉట్టిలో ఉన్న బరువైన కాయ నిలువుగా కాక పక్కకు ఎట్లా వేలాడుతుంది? వేలాడదు. తమ్ముడు ఫోన్‌ను వంచి పట్టుకున్నాడు. గోడ వంగింది కనుక, అది నిటారుగా కనిపించేటట్టు ఫోన్‌ను కూడా అంతే వంచాడు. గుమ్మడికాయను మాత్రం మరిచిపోయాడు. ఎన్నాళ్ల నుంచి వంచి చూపిస్తున్నాడో! అదివరకు చూరుకు కాయ లేదు కనుక ఉస్తాద్‌కు తెలియలేదు.

ఉస్తాద్ ఫోన్ కట్ చేశాడు. తువ్వాల విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"నెలకు ఇంటికి పోతున్న. పోంగనే గా గోడ కూలగొడ్త. ఎన్క వాటాలు పంచుకుంటం. వాని ఇల్లు వానిది, నా ఇల్లు నాది."

"గోడకేం గాని అన్నా, తమ్ముని మీద గంత కోపమా?"

"గోడ వంగినందుకు కాదు సిరిసిల్లా. గోడ వంగుతది. నాకాడ ఫోన్ వంచిండు."

పది రోజులు తమ్ముడి ఫోన్ ఎత్తలేదు. రోజూ భోజనాల వేళకు అది మోగేది, మోగి మోగి ఆగేది. ఉస్తాద్ ముద్ద కలుపుతూనే ఉండేవాడు, అంచులు సర్దడం మాత్రం మానేశాడు. ఆయన అన్నం కుప్పగా పడి ఉండటం నేను అప్పుడే చూశాను. నాకు భయమేసింది. తండ్రీకొడుకుల్లా బతికిన అన్నదమ్ములు ఒక గుమ్మడికాయ మీద విడిపోతారా అనుకున్నాను.

ఆ శుక్రవారం షిరాజ్ నడుమ ఉన్న కోటకు పోదామని బలవంతాన లేవదీశాను. "జగిత్యాల ఖిల్లా చూడనోన్ని అయితే చెప్పు" అని విసుక్కున్నాడు. చివరికి వచ్చాడు. అదొకప్పుడు రాజుగారి నివాసమట, తర్వాత కాలంలో జైలయిందట, ఇప్పుడు మ్యూజియం. ఈ మాట చెప్తే, "రాజు ఉన్న ఇంట్లనే ఖైదీలను పెట్టిండ్రా? ఇల్లు కట్టేటోడు ఇది చూసి కట్టాలె" అన్నాడు. టికెట్ దగ్గర మళ్లీ గొణిగాడు. "మా ఖిల్లాకు టికెట్ లేదు. మేకలు గూడ పోయి చూసొస్తయి."

గుమ్మం మీద రంగు టైల్స్‌తో పెద్ద బొమ్మ. ఒక వీరుడు రాక్షసుణ్ణి పొడుస్తున్నాడు. నేను రాక్షసుడి కోరలు చూస్తున్నాను. ఉస్తాద్ అతుకులు చూస్తున్నాడు. "ఏడ గూడ గీత తప్పలే. ఎవడో మొగోడే చేసిండు" అన్నాడు. పది రోజుల తర్వాత ఆయన గొంతులో ప్రాణం వినిపించింది. లోపల నారింజ చెట్ల నడుమ నీళ్ల తొట్టి, గదుల్లో మైనపు బొమ్మలు. నిలువెత్తు రాజు మైనమై కూర్చుంటే ఆయన వైపు చూడనైనా చూడకుండా, వెనకాల గోడను వేలి కణుపుతో తట్టాడు. కాపలాదారు ఒకడు కేకేశాడు. మేం బయటపడ్డాం.

కోటకు నాలుగు మూలలా నాలుగు గుండ్రటి ఇటుక బురుజులు. వెలుపలి నుంచి చుట్టూ నడుస్తూ ఉంటే ఒక బురుజు దగ్గర ఉస్తాద్ టక్కున ఆగిపోయాడు. నేను కూడా చూశాను. దానికి గుండు అవసరం లేదు, కళ్లు చాలు. బురుజు బురుజంతా పక్కకు ఒరిగి ఉంది. అయినా ఆయన చెయ్యి జేబులోకి పోయింది. దారం వదిలి, ఒక కన్ను మూసి, గుండు నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు.

"ఎవడు కట్టిండో గని, ఫోన్ బాగనే వంచిండు" అన్నాడు.

ఆ గోడ కింద తాపీ పని చేస్తున్న ముసలాయన ఒకడు ఇదంతా చూసి నవ్వుతూ లేచొచ్చాడు. కాపలాదారు కాదు, మేస్త్రీ. చేతుల మీది సున్నం చూడగానే ఉస్తాద్ సలాం చేశాడు. ముసలాయన గుండు చేతిలోకి తీసుకుని బరువు చూసి, "ఉస్తా!" అన్నాడు. అక్కడా మేస్త్రీని అదే మాటతో పిలుస్తారట. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. కానీ గోడను ఉర్దూలో అనే దీవార్ అక్కడా దీవారే. ఖరాబ్ అక్కడా ఖరాబే. మనవాళ్లు పునాదిని బునాది అంటారు కదా, ఆయన 'బొన్యాద్' అన్నాడు. మిగిలింది చేతులతో అయింది. ముసలాయన చెప్పిందిది: ఆ బురుజు పక్కన రాజుగారి స్నానాల గది ఉండేది. ఆ నీళ్లు ఏళ్లకేళ్లు కిందికి ఇంకి బునాదిని మెత్తబరిచాయి. బురుజు ఒరిగింది.

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "సిరిసిల్లా, తానం నీళ్లు! మా మూలగదికి మోరి ఏడున్నది?" అని తనే తలపట్టుకున్నాడు. ఏడాదిపాటు తమ్ముడి సంసారం స్నానాలు చేసిన నీళ్లన్నీ ఆ గోడ వెంబడే పారాయి. మోరిని, అంటే నీళ్లు పోయే కాలువను, అక్కడ పెట్టమని ఫోన్‌లో చెప్పింది ఈయనే.

"మరి కూలగొట్టలేదా?" అని రెండు చేతులతో కూల్చినట్టు చూపి అడిగాడు.

ముసలాయన పసిపిల్లను కొడతారా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వంగి, చేత్తో నీళ్లను పక్కకు మళ్లించినట్టు చూపాడు. నీళ్లు ఆపారు, ఒరగడం ఆగింది. అంతే. తర్వాత మమ్మల్ని ఒక పగులు దగ్గరికి తీసుకుపోయాడు. పగులుకు అడ్డంగా, రెండు కొసలా సున్నంతో అంటించిన చిన్న గాజుముక్క ఉంది. గోడ ఏమాత్రం కదిలినా అది పటుక్కున పలుగుతుంది. పలగలేదంటే గోడ నిమ్మళంగా ఉన్నట్టు. ఉస్తాద్ ఆ గాజుముక్కను చూసినంతసేపు రాజును చూడలేదు.

తర్వాత వచ్చి బురుజుకు ఎదురుగా నిలబడి ఫోన్ తీశాడు. వీడియో. మొదటి రింగుకే తమ్ముడు ఎత్తాడు.

"అన్నా!" అన్నాడు. తెర దగ్గరగా ముఖం పెట్టి, "ఏడున్నవే? గదేందన్నా? ఫోన్ సక్కగ పట్టు, బురుజు వంకరగ కనిపిస్తున్నది" అన్నాడు.

"ఫోన్ సక్కగనే ఉన్నదిరా. బురుజే వంకర."

ఉస్తాద్ ఫోన్‌ను బురుజు కింది నుంచి పైదాకా తిప్పాడు.

"వంకరున్నదాన్ని వంకరగనే చూపిస్తున్నరురా వీళ్లు. టికెట్ పెట్టి చూపిస్తున్నరు."

తమ్ముడు ఏడ్చేశాడు. "నేను ఫోన్ వంచి పట్టిన అన్నా. నువ్వు గోడలు చూసే మనిషివి. నీకెట్ల చూపియ్యాలె నేను?"

"ఎర్కరా. గుమ్మడికాయ చెప్పింది. ఏడువకు. మోరి నేనే ఆడ పెట్టుమన్న. రేపు ముందుగాల మోరి మలుపు. గోడను మాత్రం ముట్టకు. నేనచ్చినంక చూస్త."

ఆ సాయంత్రం ఆయన అన్నం మళ్లీ చదునైంది. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. మిరపకాయ ఘాటు అని చెప్పాను. నమ్మలేదు.

ఇంటికి పోయి గోడ కూల్చలేదు. గాజుముక్క అంటించి నాకు ఫొటో పంపాడు. కొన్నేళ్లకు ఇద్దరం గల్ఫ్ వదిలేశాం. ఆయన కోరుట్ల చుట్టుపక్కల టైల్స్ వేస్తూ ఉండేవాడు. ఇంటికి ఎవరొచ్చినా వెనకమూలకు తీసుకుపోయి, చూరుకు గుండు వేలాడదీసి గోడ ఎంత వంగిందో చూపి, షిరాజ్ కథ చెప్పేవాడట. విన్నవాడు తమ్ముడి చేతి చాయ్ తాగే పోవాలి. అది టికెట్. నవ్వినవాడికి రెండు చాయ్‌లు. అన్ని గోడలూ నిలువుగా ఉండాలన్న మనిషి, వంకర గోడ పక్కనే మంచం వేసుకుని పడుకున్నాడు.

పోయిన ఏడాది ఎండలు ముదరకముందే, పని మీద ఉండగానే గుండె ఆగిపోయింది. పాత రూము వాళ్ల ఫోన్ గ్రూపులో కోరుట్ల పెట్టిన కబురు చూశాను. పదో రోజుకు కోరుట్ల మీదుగా రెండు బస్సులు మారి వెళ్లాను. తమ్ముణ్ణి నేరుగా చూడటం అదే మొదటిసారి. ఫోన్‌లో చూసిన ముఖం ఇంత చిన్నదా అనిపించింది. భోజనాలయ్యాక నన్ను వెనకమూలకు తీసుకుపోయాడు. నీలం రంగు వెలిసింది. చూరుకు ఇత్తడి గుండు వేలాడుతోంది. పగులు మీద గాజుముక్క మెరుస్తోంది.

"పలగలేదే" అన్నాను.

తమ్ముడు అటూ ఇటూ చూశాడు. "అన్నా, నువ్వు ఆయనకు పానం లెక్క. నీకొక్కనికే చెప్తున్న. గిది ఆయన పెట్టిన అద్దం కాదు. నిరుడు నిచ్చెన తాకి పలిగింది. గోడ కదిలిందనుకుంటడని భయమైంది. ఆయన మెట్‌పల్లి పోయినప్పుడు కొత్తది పెట్టిన. ఒక్కసారి ఫోన్ వంచి సచ్చినంత పనైంది, మళ్ల గదే చేసిన. చెప్దాం చెప్దామనుకున్న. చెప్పకుంటనే పోయిండు."

తమ్ముడి చెయ్యి గోడ మీద ఉంది. నేనేం చెయ్యాలో నాకు తెలుసు, కానీ చెయ్యనని ఉస్తాద్‌కు మాటిచ్చి ఉన్నాను. కాసేపు గుండు వైపు చూశాను. తర్వాత ఫోన్ తీసి, నిరుటి వాయిస్ మెసేజ్ వెతికి, మాట తప్పాను.

"సిరిసిల్లా, మంచిగున్నవా?" ఉస్తాద్ గొంతు గోడకు తగిలి పెద్దగా వినిపించింది. "ఒక ముచ్చట చెప్త, కడుపుల పెట్టుకో. మా తమ్ముడు అద్దం పలగ్గొట్టిండు. నేను మెట్‌పల్లి పోయచ్చేసరికి కొత్తది పెట్టి, పాతగ కనిపియ్యాలని మీదికెళ్లి మట్టి రాసిండు. సిమెంటు ఇంక తడారలే! నేను గుండు పట్టి చూసిన. గోడ ఇసుమంత కదల్లే. వాడే పొద్దటి సంది నా మొఖం చూస్తలేడు, పాపం. నాకు తెల్సిందని చెప్పకు. భయపడుకుంటనన్న రోజూ గోడ కాడికి పోయి చూస్తున్నడు. ఇల్లు కాపాడేటోడు గట్లనే ఉండాలె." తర్వాత నవ్వు. ఆ నవ్వు మధ్యలో వేలి కణుపుతో గోడను కొట్టిన చప్పుడు రెండుసార్లు. టక్, టక్.

తమ్ముడు గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ముందు తెలియలేదు. రెండూ చేస్తున్నాడు.

"అన్నా, ఇంకొక్కసారి పెట్టవా?" అన్నాడు ఫోన్ చూపిస్తూ.

"ఊకెనే పెట్టను. టికెట్ తియ్యాలె" అన్నాను.

లేచి కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయి రెండు చాయ్‌లు తెచ్చాడు.